నీటివేళ్లు

సుబ్బలక్ష్మి చెరువుగట్టు ఎక్కేసరికి జట్టంతా అప్పటికే రొమ్ములోతు నీళ్లలో ఉంది.

నీళ్లలోకి దిగకముందే ఒక్కొక్కరికీ జ్వరం చూడాలి, వేలికి మిషన్ పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చూడాలి, రిజిస్టర్లో రాసుకోవాలి. ఇది పైడిలంక కమిటీ పెట్టిన రూలు. రూలు పెట్టినవాళ్లే దాన్ని మర్చిపోతే ఇంకెవర్ని అని ఏం లాభం! మే నెల. తెల్లారకుండానే ఉక్కపోత. ఎండెక్కితే పట్టిన చేప పట్టినట్టే మెత్తబడిపోతుంది. ఐసు లారీ చీకటితోనే వచ్చి గట్టు కింద నించుంది. ఆశా కార్యకర్త వచ్చి వేళ్లు పట్టుకుని చూసేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? నాలుగున్నరకే వల దించేశారు.

మొత్తం ముప్ఫై మంది. ఈ గట్టు పక్క పదిహేను మంది, ఆ గట్టు పక్క పదిహేను మంది, మధ్యలో వంపు తిరిగిన వల. అడుగుతాడుని కాలి బొటనవేలితో బురదలోకి అదుముతూ, పైతాడుని రెండు చేతులా ఎత్తిపట్టుకుని, అడుగు తీసి అడుగు వేస్తున్నారు. ఒకడి భుజం ఇంకొకడి భుజానికి రాసుకుంటోంది. మాస్కులన్నీ గట్టు మీద ఒక బుట్టలో పడున్నాయి. తడిసిన మాస్కుతో ఊపిరాడదు. ఆ సంగతి మాస్కు పెట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పే సుబ్బలక్ష్మికీ తెలుసు.

చెరువు ఆసామి నరసరాజు రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ దూరంగా వేయించుకుని కూర్చున్నాడు. ఊరి కమిటీకి పెద్ద కూడా ఆయనే.

"ఇప్పుడా రావడం సుబ్బలక్ష్మీ?"

"ఆరింటికి దిగుతారన్నారు కదండీ."

"ఆ మాట చేపలకి చెప్పమ్మా," అన్నాడాయన. "కానీ, పైకొచ్చినవాళ్లని వచ్చినట్టు చూసెయ్. ఇంకో లాగుడుంది."

వల ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. బొచ్చెలు, శీలావతులు మనిషి ఎత్తున ఎగిరి పడ్డాయి. ట్రేలు నిండుతుంటే, నిండిన ట్రే మీద ఐసు పొడి కుమ్మరిస్తుంటే, మేస్త్రి టీ అని కేకేశాడు. జట్టు పైకొచ్చింది. సుబ్బలక్ష్మి వేపకొమ్మకి రిజిస్టర్ సంచి తగిలించి, తువ్వాలు తీసి, వరస కట్టమంది.

మూడు గంటలు నాని, ముడతలు పడి, తెల్లబడి చల్లబడ్డ వేళ్లు. తొంభై ఒకటి. తొంభై. తొంభై రెండు. పోయినవారం ఇలాగే ఏడుగురికి తక్కువొస్తే సుబ్బలక్ష్మి హడలిపోయింది. పని ఆపించి, పీహెచ్‌సీ నుంచి డాక్టర్ మనోజ్ఞని పరుగున రప్పించింది. డాక్టరమ్మ ఏం చేసింది? చేతులు తుడుచుకుని, రుద్దుకుని, అయిదు నిమిషాలు ఆగి చూపించమంది. అందరికీ తొంభై ఏడూ, తొంభై ఎనిమిదీ! ఆ గొడవలో రెండు ట్రేల చేప పాడయింది. అప్పట్నుంచి ఆ తప్పు అంకెకి ఊళ్లో ఒక పేరు పడింది, నీటివేలు అని. కరెంటు బిల్లు ఎక్కువొస్తే నీటివేలు. పిల్లాడికి మార్కులు తక్కువొస్తే నీటివేలు. సుబ్బలక్ష్మి కనబడితే చాలు, చూపుడువేలు పైకెత్తి నవ్వుతారు. ఆవిడ పైకి నవ్వుతుంది గాని లోపల మండిపోతుంది.

"రుద్దుకోండి, రుద్దుకోండి," అంటూ ఒక్కొక్కరి వేలూ తుడిచింది, ఆగింది, మళ్లీ పెట్టింది. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. తొంభై ఆరు. రాసుకుంది.

పద్దెనిమిదోవాడు విజయ్ కుమార్. ఆమెకి సొంత మరిది. ముప్ఫై ఏళ్లవాడు, అడుగుతాడు అదిమేవాళ్లలో అందరికంటే గట్టివాడు.

మిషన్ ఎనభై ఎనిమిది చూపించింది.

"రుద్దుకో."

రుద్దుకున్నాడు. ఎనభై ఎనిమిదే.

ఆమె అతని చెయ్యి తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. టీ గ్లాసులు ఒక చుట్టు తిరిగి వచ్చాయి. చెయ్యి వెచ్చబడింది, వేలి కొస ఎర్రబడింది కూడా. మిషన్ పెట్టింది. ఎనభై తొమ్మిది. రెండో చెయ్యి చాపించింది. ఎనభై ఏడు.

"నీటివేలు... వదినా," అని నవ్వాడు విజయ్ కుమార్. ఆ రెండు మాటలకీ మధ్య ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. అది ఆమె విన్నది.

"దగ్గుందా?"

"రాత్రి కాస్త. రొంప."

"వాసన తెలుస్తోందా?"

"ఈ చేపల కంపులో... తెలియకపోతేనే నయం కదా."

నుదుటికి తుపాకీ మిషన్ పెడితే మామూలుగానే ఉంది. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నవాడికి ఆ మిషన్ ఏం చెబుతుంది?

ఇప్పుడు తను నోరు తెరవాలి. రాజుగారండీ, ఇతనికి టెస్టు చేయించాలండీ, అనాలి. అంటే ఏమవుతుందో సుబ్బలక్ష్మికి అంతా తెలుసు. పని ఇక్కడితో ఆగుతుంది. చెరువులో సగం చేప ఉండిపోతుంది. టెస్టులో ఉందని తేలితే ఇంటి చుట్టూ తడిక కడతారు, పద్నాలుగు రోజులు. విజయ్ కుమార్ ఇల్లూ తన ఇల్లూ ఒకే వాకిలి, ఒకే కుళాయి. తడికలోపల తనూ, ఇద్దరు పిల్లలూ. జట్టు ముప్ఫై మందికీ పద్నాలుగు రోజులు పని బంద్. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో పనిచేసే తన మొగుణ్ణి వంతెన దగ్గర కమిటీ పెట్టిన గేటు పుణ్యమా అని ఊళ్లోకి రానివ్వక ఇరవై నాలుగు రోజులయింది, ఇంకెన్నాళ్లో. అదీగాక ఇవాళ కూడా ఇది నీటివేలే అయితే? ఇంక ఈ ఊళ్లో తలెత్తుకోగలదా?

"ఏమ్మా, అయిందా?" అని కుర్చీలోంచి నరసరాజు కేక. లారీవాడు హారన్ కొట్టాడు.

ఆమె విజయ్ కుమార్ పేరు ఎదురుగా తొంభై ఆరు అని రాసింది. రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆమెకి అన్నిటికన్నా సిగ్గనిపించింది అదే.

"ఇంటికిపో. బోర్లా పడుకో. సాయంత్రం నేనే టెస్టుకి తీసుకెళ్తాను," అంది గొంతు తగ్గించి.

"ఇంకో లాగుడుంది వదినా. నేను ఎళ్లిపోతే... అడుగుతాడు ఎవరు పడతారు?"

టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ నీళ్లలోకి దిగిపోయాడు. ఆమె పంతొమ్మిదోవాడి వేలు తుడిచింది.

*

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు వరండాలో కమిటీ కూర్చుంది. డాక్టర్ మనోజ్ఞ ఆలస్యంగా వచ్చింది. గేటు దగ్గర ఆమె జీపుని పావుగంట ఆపారు. నుదుటికి మిషన్ పెట్టి చూసి, చెప్పులు బ్లీచింగ్ నీళ్లలో ముంచమని చెప్పి, అప్పుడు అడ్డంగా కట్టిన వెదురు ఎత్తారు. తడిసిన చెప్పులతో వచ్చి కుర్చీలో కూర్చుంటూనే అంది.

"రేపు వంద శాంపిళ్లు తీస్తానండీ నరసరాజుగారూ. టీమ్‌ని మాట్లాడి పెట్టుకున్నాను."

"ఎందుకండీ డాక్టరుగారూ? గేటు పెట్టి ఇరవై నాలుగు రోజులు. ఊళ్లో ఒక్క కేసు లేదు."

"ఒక్క టెస్టు కూడా లేదండీ."

రిటైరైన హెడ్మాష్టారు పట్టాభిరామయ్య గట్టిగానే నవ్వేశాడు. ఆయన కమిటీలో ఉన్నా గేటంటే మొదట్నుంచీ కిట్టదు. "రోజూ రోడ్డు మీద బ్లీచింగ్ చల్లిస్తారు. రోగం ఉండేది గాల్లో. మనం మట్టికి స్నానం చేయిస్తున్నాం."

నరసరాజుకి కోపం వచ్చింది. ఆయన కోపంలో గొంతు పెంచడు, ఇంకా మర్యాదగా మాట్లాడతాడు. "మేష్టారూ, తమరు చదువుకున్నవారు. మరి పక్కూరివాళ్లు గేటు పెట్టలేదు. పదకొండు మంది పోయారు. దానికేం సెలవిస్తారు?"

అది నిజమే. నరసరాజు సొంత అన్నగారు కూడా ఏప్రిల్లోనే పోయాడు. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి వెళ్లొచ్చాడు, పది రోజులు తిరక్కుండా పోయాడు. తమ్ముడికి శవం ముఖం కూడా చూడనివ్వలేదు. ఆ వారంలోనే గేటు లేచింది. ఆయన భయం ఎవరికీ తెలియనిది కాదు.

"గేటు తప్పని నేననట్లేదండీ," అంది మనోజ్ఞ. "మొదట్లో పనిచేసే ఉంటుంది. కానీ మీ గేటు మనుషుల్ని ఆపుతోంది, లారీల్ని ఆపట్లేదు. టెస్టుకి వెళ్తానన్న బాలింతని ఆపారు. ఐసు లారీ డ్రైవర్ ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడో ఎవరైనా అడిగారా?"

"లారీని ఆపితే ఊరు తినేదేంటమ్మా?"

"ఆపలేరు, ఒప్పుకుంటాను. అందుకే వచ్చిందేమో లోపల వెతుక్కోవాలంటున్నాను."

"వెతికితే దొరుకుతుంది. దొరికితే తడిక కట్టాలి."

"కట్టకండి! అసలు గొడవంతా ఆ తడికలతోనే. ఒంట్లో బాగాలేదంటే వాకిట్లో తడిక పడుతుందని తెలిశాక ఎవడు చెబుతాడండీ మీకు?"

"కట్టకపోతే వాడు ఊరంతా తిరుగుతాడు. ఎవరు కాపలా కాస్తారు, తమరా?"

ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ సుబ్బలక్ష్మికి మాత్రం ఆ మాటలు ఎక్కడం లేదు. ఎందుకంటే నరసరాజు చెయ్యి బల్ల మీది రిజిస్టర్ వైపు పోతోంది.

"మాటలెందుకు? ఇదిగో," అని ఆయన పేజీ తీశాడు. "ఊళ్లో ఒకరినొకరు రాసుకుంటూ పనిచేసేది ఈ ముప్ఫై మందే. రోగముంటే ముందు వీళ్లకే ఉండాలి. ఒక్కరికీ తొంభై అయిదు లోపు లేదు. ఇది నా రాత కాదండీ, మీ మనిషి రాత. ఆవిణ్ణే అడగండి."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"చేతులు ఆరాకే చూశారా సుబ్బలక్ష్మిగారూ?" అంది డాక్టరమ్మ.

"ఆయ్... ఆరాకేనండీ."

అది అబద్ధం కాదు కదా. కాదు కాబట్టే అంత తేలిగ్గా వచ్చింది. మనోజ్ఞ రిజిస్టర్ చూసి, మూసి, నిట్టూర్చింది. మిగిలిన రెండు చెరువులూ అయ్యాక, వచ్చేవారం శాంపిళ్లు తీసుకోమని నరసరాజు ఒప్పుకున్నాడు. జీపెక్కుతూ డాక్టరమ్మ అంది, "ఇంకెవరైనా రాస్తే రేపే వచ్చి తీసేదాన్ని. మీరు రాశారంటే నాకు నమ్మకం."

ఛీ, నా బతుకు! అనుకుంది సుబ్బలక్ష్మి. జీపు మలుపు తిరిగేదాకా నిలబడింది, పిలవలేదు.

ఇంటికి వెళ్లేసరికి విజయ్ కుమార్ బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. లేపి టెస్టంటే విసుక్కున్నాడు. "గేటువాళ్లకి ఏం చెప్పి ఎళ్తాం వదినా? ఎల్లుండికి తగ్గిపోద్ది." అతని పెళ్లాం రమ్య వాకిట్లోకి వచ్చి, "మిషన్లో ఎంతొచ్చిందక్కా?" అని అడిగింది.

"తొంభై ఆరు," అంది సుబ్బలక్ష్మి.

"అయితే పర్లేదన్నమాట," అని రమ్య లోపలికి వెళ్లి పొయ్యి మీద అన్నం దించింది. ఒకసారి రాసిన అంకెని నోటితో కూడా చెప్పడం సుబ్బలక్ష్మికి పెద్ద కష్టమనిపించలేదు.

మంగళవారం రెండో చెరువు. విజయ్ కుమార్ మంచం తెల్లారేసరికి ఖాళీ. సుబ్బలక్ష్మి గట్టుకి వెళ్లలేదు. అవతలి వీధిలో ఫీవర్ సర్వే ఉందని తనకి తనే చెప్పుకుని, ఇంటింటికీ తిరిగి, జ్వరాలున్నాయా అని అడిగింది. లేవు లేవన్నారు. ఒకరింట్లో అడుగుతుండగానే లోపల ఎవరో తలగడలో మొహం పెట్టి దగ్గారు. ఆమె లేవు అనే రాసుకుంది.

*

బుధవారం పొద్దున్న రమ్య గోడవతల నుంచి అరిచింది.

"అక్కా, ఒక్కసారి రా! మాట్లాడలేకపోతన్నారు!"

విజయ్ కుమార్ మంచం పట్టెమీద రెండు చేతులూ ఊని కూర్చుని ఉన్నాడు. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. వేలు పొడిగా ఉంది, కాలిపోతోంది. మిషన్ ఎనభై ఒకటి చూపించింది. సుబ్బలక్ష్మి రుద్దుకోమనలేదు.

నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. అంబులెన్స్ ముప్పావుగంటకి వచ్చి వంతెన దగ్గర గేటుకి అవతల ఆగిపోయింది. కాపలా ఉన్న ఇద్దరూ రాజుగారి ఫోన్ రానిదే లోపలికి బండి వదిలేది లేదన్నారు. రాజుగారి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. ఆయన మూడో చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. ఇంక ఆగలేక సుబ్బలక్ష్మి మేత తోలే ట్రాలీ ఆటోని ఆపి, మరిదిని అందులో కూర్చోబెట్టి, రమ్యని వెనక పట్టుకోమని, తను ముందు నించుని గేటు దాకా తెచ్చింది.

"ఎవరండీ? ఏంటండీ రోగం?" అన్నాడు కాపలావాళ్లలో ఒకడు, వెదురు మీద చెయ్యి తియ్యకుండా.

"కరోనా," అంది.

ఆ మాట ఊళ్లో గట్టిగా అనడం అదే మొదలు. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు. వెదురు ఆమే ఎత్తింది.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టారు. ఏలూరులో కోవిడ్ వార్డు బయట షామియానా కింద కాసేపు ఉంచి లోపలికి తీసుకున్నారు. పీపీఈ సూట్ లోంచి కళ్లు మాత్రమే కనబడుతున్న డాక్టర్ ఒకాయన కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఆక్సిజన్ ఎప్పట్నుంచి తగ్గింది? మొదటిసారి చూసింది ఎప్పుడు, ఎంతుంది? సరిగ్గా చెప్పండి. దాన్ని బట్టే ఏ మందు ఎప్పుడు మొదలెట్టాలో చూసుకోవాలి."

"సోమవారం చూశారండీ," అంది రమ్య ఆత్రంగా. "మా అక్కే చూసింది. తొంభై ఆరండీ. రెండు రోజుల్లో ఇలా..."

డాక్టర్ రాసుకోబోయాడు.

"కాదండీ," అంది సుబ్బలక్ష్మి. "సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఎనభై ఎనిమిది. చెయ్యి వెచ్చబడ్డాక ఎనభై తొమ్మిది. రెండో చేతికి ఎనభై ఏడు."

డాక్టర్ కళ్లు ఆమె మీద ఒక్క క్షణం ఆగాయి. "ఎనభై ఎనిమిది చూసి రెండు రోజులు ఇంట్లో పెట్టారా?"

"పనికి కూడా వెళ్లాడండీ. నీళ్లలోకి."

ఆయన రాసుకుని, పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లిపోయాడు. రమ్య ఏడవలేదు, అరవలేదు. కొట్టినా బాగుండుననిపించింది సుబ్బలక్ష్మికి. రమ్య తన సంచి తీసుకుని, షామియానా ఆ చివర ఉన్న బెంచీ మీదికి వెళ్లి, ఇటు వీపు పెట్టి కూర్చుంది.

*

గురువారం ఇద్దర్నీ ఇంటికి వెళ్లిపొమ్మన్నారు, లోపల ఎవర్నీ ఉండనివ్వరు. ఆటోలో రమ్య ముందు, సుబ్బలక్ష్మి వెనక. గేటు దగ్గర నరసరాజే నిలబడి ఉన్నాడు. రమ్య ఆయన్ని దాటుకుని ఇంటికి నడిచింది. సుబ్బలక్ష్మి ఆగింది.

"ఎలా ఉందమ్మా కుర్రాడికి?"

"పది లీటర్ల ఆక్సిజన్ పెట్టారండీ. రేపటిదాకా ఏం చెప్పలేమన్నారు."

"అదే నాకు అర్థం కావట్లేదు. సోమవారం తొంభై ఆరున్న మనిషి..."

"సోమవారం ఎనభై ఎనిమిదండీ. నేను తొంభై ఆరని రాశాను."

నరసరాజు మాస్కులు సర్దుకున్నాడు.

"నేను ఆ డాక్టరమ్మతో దెబ్బలాడింది నీ అంకె పట్టుకునే," అన్నాడు. "రేపే తీస్తానన్న శాంపిళ్లు ఆపించింది నీ అంకెతోనే. మంగళవారం ఆ ముప్ఫై మందినీ మళ్లీ దింపింది నీ రాత మీద భరోసాతో. నాతో చాటుగా ఒక్క ముక్క చెబితే ఏం పోయేదమ్మా?"

"తడిక కట్టించేవారు."

"కట్టించేవాణ్ణి."

"అందుకే రాశానండీ."

కాపలా కుర్రాళ్లు నేల చూపులు చూస్తున్నారు. నరసరాజు వెళ్లి వెదురుని అనవసరంగా ఒకసారి ఎత్తి దించాడు. అన్నగారి సంగతి గుర్తొచ్చిందో ఏమో, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ వచ్చినప్పుడు గొంతు మామూలుగా ఉంది.

"రిజిస్టర్లో మాత్రం తొంభై ఆరే ఉంది కదా?"

"ఉందండీ."

"ఉండనిస్తే నీ ఉద్యోగానికి వచ్చేదేం లేదు. రోగం దానంతటదే ముదిరిందనుకుంటారు. రేపు పొద్దున్న మూడో చెరువు. అది అయ్యాక డాక్టరమ్మ చెప్పినట్టే టెస్టులు పెట్టిస్తాను. ఒక్క రోజు."

ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. ఒక్క రోజు. ఆశా పని పోతే ఇల్లు గడవడం కష్టం. ఇంతమంది ముందు దోషిలా నిలబడక్కర్లేదు. కానీ ఆ ఒక్క రోజు ముప్ఫై మంది భుజాలు రాసుకుంటూ నీళ్లలో నిలబడతారు. సుబ్బలక్ష్మి సంచిలోంచి రిజిస్టర్ తీసి, గేటు పక్క దిమ్మ మీద పెట్టుకుని, తొంభై ఆరుని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎనభై ఎనిమిది అని రాసి, ఆ గురువారం తారీకు వేసి సంతకం పెట్టింది.

"డాక్టరమ్మకి ఏలూరు నుంచే ఫోన్ చేసి చెప్పేశానండీ," అంది. "రేపు ఏడింటికి వస్తారు."

నరసరాజు ఆ పేజీ చూశాడు. "సరే. పట్టుబడి ఆపుతాను. చేప ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కానీ జట్టుకి ఆ మాట నువ్వే చెప్పు. నేను చెప్పను."

"చెబుతానండీ. నాదో మాటండీ. తడికలు కడితే రేపు ఒక్కడూ టెస్టుకి రాడు. కట్టరని మీరు చెప్పండి."

ఆయన జవాబివ్వకుండా బండెక్కి వెళ్లిపోయాడు. పొద్దుగూకే ముందు మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. ఎవరింటికీ తడిక కట్టరని, పాజిటివ్ వచ్చినవాళ్లు ఇంట్లోనే ఉంటే బియ్యం, కూరలు కమిటీ పంపిస్తుందని, గేటు దగ్గర అంబులెన్సు ఆపరని చెప్పింది. గేటు మాత్రం తియ్యలేదు. ఆ విషయంలో నరసరాజు మాటంటే మాటే.

*

శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి జట్టు మూడో చెరువు గట్టు మీదికి వల మోసుకుని వచ్చేసరికి సుబ్బలక్ష్మి అక్కడ నిలబడి ఉంది. చెప్పింది. రెండు ముక్కల్లోనే చెప్పింది, సాకులేవీ చెప్పలేదు. ఎవరో బూతు మాట అన్నారు. ఇంకొకడు, "మా అంకెలు కూడా అలాగే రాశావేంటి?" అన్నాడు. కాదని ఒట్టేసింది. ఆమె ఒట్టుకి ఇప్పుడు విలువేముంది? మేస్త్రి వల కింద పెట్టించాడు. "నాకూ నాలుగు రోజుల నుంచి ఒళ్లు నొప్పులే," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. మరో ఇద్దరు తలలూపారు. నీళ్లలోకి ఎవరూ దిగలేదు.

ఏడింటికి స్కూలు ఆవరణలో బల్లలు వేశారు. మనోజ్ఞ ముందు సుబ్బలక్ష్మికే ర్యాపిడ్ టెస్టు చేసింది. లేదని వచ్చింది.

"మీ మీద మెమో రాయకుండా ఉండలేను," అంది డాక్టరమ్మ గ్లౌజులు మార్చుకుంటూ. ఆమె గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువుంది. "అది తర్వాత. ఇవాళ చేతులు తక్కువున్నాయి. వేళ్లు చూడ్డానికి కూర్చోండి."

జట్టు వచ్చింది. జట్టు ఇళ్లవాళ్లు వచ్చారు. లేవు లేవన్న అవతలి వీధివాళ్లు కూడా, తలలకి తువ్వాళ్లు చుట్టుకుని, మెల్లగా వచ్చి వరసలో కలిశారు. ఎండెక్కేసరికి పదమూడు మందికి ఉందని తేలింది, మేస్త్రితో సహా. అంతలో ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. విజయ్ కుమార్‌కి పది లీటర్ల నుంచి ఆరుకి దించారు, నాలుగు మెతుకులు తిన్నాడు, గండం గడిచినట్టే అన్నారు. సుబ్బలక్ష్మి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. కళ్లు తుడుచుకుని, చేతులకి శానిటైజర్ రాసుకుని, తర్వాతివారిని రమ్మంది.

తర్వాతిది రమ్య. మొగుడి కబురు ఆమెకీ ఫోనులో తెలిసింది, ముఖం కాస్త తేటపడింది. వేలు చాపింది. సుబ్బలక్ష్మి దాన్ని తుడిచి, మిషన్ పెట్టి, అంకె నిలిచేదాకా ఆగింది.

"తొంభై ఏడమ్మా," అంది.

రమ్య కదల్లేదు.

"చూపించు."

బుధవారం తర్వాత ఆమె సుబ్బలక్ష్మితో అన్న మొదటి మాట అది. అక్కా అనలేదు. సుబ్బలక్ష్మి ఆ వేలుని మెల్లగా పట్టుకుని మిషన్ అటువైపు తిప్పింది. రమ్య వంగి నిదానంగా చూసుకుంది. రిజిస్టర్లో తన పేరు ఎదురుగా అదే పడిందో లేదో కూడా చూసుకుని, శాంపిల్ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ వెనకున్నాయన వేలు పెట్టి, సుబ్బలక్ష్మి నోరు తెరవబోతే, మొహమాటంగానే, "ఇలా తిప్పండమ్మా, నేనూ చూస్తాను," అన్నాడు. ఆ వెనకామె అడగలేదు, తనే మెడ సాచి చూసుకుంది. నరసరాజు కూడా వరసలోనే వచ్చాడు, కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుని, చూసుకుని వెళ్లాడు. అలా ఒకరి తర్వాత ఒకరు. కాసేపటికి ఆమె అంకె పైకి చెప్పడం మానేసింది, మిషన్ తిప్పి పట్టుకుంటోంది.

చివర్న ఒక ముసలావిడ వచ్చింది. పదేళ్లుగా ఆమె బీపీ చూసేది, మాత్రలు ఇచ్చేది సుబ్బలక్ష్మే. మిషన్ని తన వైపు తిప్పించుకుని, కళ్లు చికిలించి అటూ ఇటూ చూసింది.

"నాకు అంకెలు రావు కదమ్మా," అని, తన ముందు చూపించుకుని వెళ్తున్న పిల్లని కొంగు పట్టి వెనక్కి లాగింది. "ఏవమ్మాయ్, ఎంతుందో నువ్వు చదివి పెట్టు."

ఆ పిల్ల వంగి చదివింది. "తొంభై నాలుగు మామ్మా."

సుబ్బలక్ష్మి అదే రాసుకుంది.